క్యాన్సర్ అవగాహన రచనలు - భాషావిమర్శ: మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేపథ్యం

వ్యాససంగ్రహం:
గ్రామీణ స్త్రీలకు, శ్రామికులకు క్యాన్సర్ పరీక్షలను చేరువ చేసేందుకు వెలువడుతున్న కరపత్రాలు, ఫ్లెక్సీలు, మైకు ప్రకటనలు, ఆరోగ్య కార్యకర్తల ప్రశ్నావళులు, సమ్మతిపత్రాలు తెలుగులో ఒక ప్రత్యేక రచనావర్గంగా ఏర్పడ్డాయి. వీటిని వైద్యరంగం సమాచారంగానే చూస్తోంది, సాహిత్యరంగం అసలు చూడటం లేదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల భాషాపరిస్థితిని ఆధారం చేసుకొని ఈ రచనల పదజాలాన్ని, సంబోధనను, వాక్యస్వరాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. వైద్యం అందుబాటులో లేకపోవడానికి దూరం, పేదరికంతో పాటు మాట కూడా ఒక కారణమని, ఆ మాటను సరిచేయడంలో తెలుగు శాఖలకు పాత్ర ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్యాన్సర్ అవగాహన, భాషావిమర్శ, రాచపుండు, గర్భసంచి, మాండలికం, సమ్మతి, ఆరోగ్యవరం, కుప్పం.

1. ఉపోద్ఘాతం:

మదనపల్లె టమాటా మార్కెట్టుకు పంట చేరాలంటే కోత కూలీలు తెల్లవారకముందే తోటలో ఉండాలి. కుప్పం నుంచి పనుల కోసం బెంగళూరు వెళ్ళేవారు పొద్దున్నే రైలెక్కాలి. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాడి పశువులున్న ఇల్లాలికి ఉదయం, సాయంత్రం రెండూ తనవి కావు. ఇలాంటి జీవితాల మధ్యకు ఒకరోజు పది గంటలకు క్యాన్సర్ పరీక్షల వాహనం వస్తుంది. రావలసినవారిలో కొందరే వస్తారు. రానివారిని గురించి మనం సాధారణంగా వాడే మాట ‘అవగాహనా రాహిత్యం’. తప్పంతా వినేవారిదేనని ఈ మాట ముందే తీర్పు చెబుతుంది. చెప్పినవారు ఏ మాటలతో చెప్పారు, ఎవరిని ఉద్దేశించి చెప్పారు, విన్నవారికి అది ఎలా అర్థమైంది అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. భాషాసాహిత్య విమర్శకు పని ఉన్నది సరిగ్గా అక్కడే.

సమస్య తీవ్రతను కొన్ని అంకెలు చెబుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో దాదాపు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా సోకింది. దాదాపు 80,000 మంది దానితో మరణించారు. ముందుగా గుర్తిస్తే నివారించగల వ్యాధి ఇది. అయినా అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 30-49 ఏళ్ళ స్త్రీలలో దీనికోసం ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 1.9 మంది మాత్రమే. రొమ్ము, నోటి పరీక్షల విషయంలో ఆ సంఖ్య 0.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి పెట్టుకున్న లక్ష్యం నూటికి 70 మంది. ఈ అంతరాన్ని భాష ఒక్కటే పూడ్చలేదు. అయితే భాషను పక్కనపెట్టి పూడ్చడం కూడా సాధ్యం కాదన్నది ఈ వ్యాసం వాదం.

2. వ్యాధి పేరు - పలుకుబడి:

తెలుగువారికి ఈ వ్యాధిని సూచించే పేర్లు మూడు రకాలుగా ఉన్నాయి. మొదటిది ‘రాచపుండు’ లేదా ‘రాచకురుపు’. ‘రాచ’ అన్న విశేషణం ఇక్కడ పెద్దది, లొంగనిది అన్న అర్థాన్నిస్తుంది. మధుమేహం ఉన్నవారికి వీపు మీద లేచే పెద్ద కురుపును, క్యాన్సర్ పుండును కూడా జనవ్యవహారం ఈ ఒక్క పేరుతోనే పిలిచింది. రెండోది ‘అర్బుదం’. సుశ్రుతసంహిత నిదానస్థానంలో దీని వర్ణన ఉంది. గుండ్రంగా, కదలకుండా, కొద్దిపాటి నొప్పితో, లోతైన మూలంతో, నెమ్మదిగా పెరుగుతూ చీము పట్టని వాపును అర్బుదమన్నారు. సంఖ్యావాచకంగా ఇదే పదానికి పదికోట్లు అనే అర్థం ఉంది. పాఠ్యగ్రంథాల్లో, నిఘంటువుల్లో తప్ప ఈ పదం పల్లెలో వినిపించదు. మూడోది ‘క్యాన్సర్’. ఇప్పుడు చదువుతో నిమిత్తం లేకుండా అందరూ వాడే పేరు ఇదే.

పేరు ఏదైనా తేడా ఏముందని అనిపించవచ్చు. కానీ ఈ మూడు పేర్లూ మూడు వేర్వేరు బొమ్మలను మనసులో నిలుపుతాయి. రాచపుండు అంటే కంటికి కనిపించే, వాసన వచ్చే, ముదిరిన పుండు. ఆ పేరు ప్రకారం కనిపించనిది రోగమే కాదు. క్యాన్సర్ అన్న మాటకు సినిమాలు, నవలలు దశాబ్దాలుగా ఇచ్చిన అర్థం చావు. కథానాయికకు క్యాన్సర్ వచ్చిందంటే కథ ముగిసిందని ప్రేక్షకుడికి తెలుసు. అంటే ఒక పేరు ‘ఇంకా రాలేదు’ అని చెబుతుంది, మరో పేరు ‘ఇక అయిపోయింది’ అని చెబుతుంది. వ్యాధి మొదలై, కనిపించకుండా ఉండి, చికిత్సకు లొంగే మధ్యదశకు వాడుకలో పేరు లేదు. ముందస్తు పరీక్షలన్నీ ఆ పేరులేని దశను పట్టుకోవడానికి ఉద్దేశించినవే.

ఇదే లోపం గడ్డల పదజాలంలోనూ ఉంది. పల్లెజనం నొప్పిని బట్టి వాపులను వర్గీకరిస్తారు. నొప్పి, వేడి ఉంటే ‘గడ్డ’ లేదా ‘సెగగడ్డ’. గజ్జల్లో, మెడ కింద లేస్తే ‘బిళ్ళ కట్టింది’ అంటారు. నొప్పి లేకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతే అది ‘కంతి’. కంతి అంటే భయపడనక్కరలేనిది అని వాడుక. అయితే రొమ్ములో మొదలయ్యే క్యాన్సర్ గడ్డకు తొలిదశలో చాలాసార్లు నొప్పి ఉండదు. అంటే ప్రమాదకరమైనది ప్రమాదం లేని పేరు కింద దాక్కుంటోంది. ‘రొమ్ములో గడ్డలు ఉంటే వైద్యుని సంప్రదించండి’ అన్న వాక్యం చదివిన స్త్రీ తనకున్నది గడ్డ కాదు, కంతి కదా అనుకోవడంలో అజ్ఞానం లేదు. ఆమె తన భాషను సరిగ్గానే వాడుతోంది. కరపత్రమే ఆ భాషను తెలుసుకోలేదు. ‘నొప్పి లేని కంతి అయినా సరే చూపించుకోవాలి’ అన్న ఒక్క వాక్యం ఆ లోపాన్ని సవరించగలదు.

నోటి విషయంలోనూ ఇంతే. ‘నోటిపూత’ తరచూ వచ్చిపోయేది. ఆకువక్కతో పొగాకు నమిలేవారి నోట్లో మానని పుండును కూడా నోటిపూతగానే లెక్కిస్తారు. పొగాకు లేకున్నా వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. తాంబూలం మంగళకరమైన సమాజంలో ఈ సంగతి చెప్పడానికి నిషేధవాక్యం చాలదు. రెండు వారాలు దాటినా మానని పుండు నోటిపూత కాదు అన్న తేడాను ముందు నేర్పాలి.

3. గర్భసంచి, దాని మూతి:

‘గర్భాశయ ముఖద్వార క్యాన్సర్’ అన్నది ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థల రచనల్లో స్థిరపడిన పదబంధం. శాస్త్రపరంగా ఇది దోషం లేనిది. అయితే గ్రామీణ స్త్రీ వాడే మాట ‘గర్భసంచి’. ముఖద్వారం అనగానే ఆమెకు స్ఫురించేది గుడి వాకిలో, ఊరి వాకిలో. ఈ పదబంధంలో ఆమె పట్టుకోగలిగినవి ‘గర్భ’, ‘క్యాన్సర్’ అనే రెండు ముక్కలే. ఆ రెంటినీ కలుపుకుంటే మిగిలే అర్థం గర్భసంచి క్యాన్సర్. ఈ చిన్న తేడా జీవితాలను ఎంతగా మార్చగలదో చూడటానికి మరో అంకెను పరిశీలించాలి.

నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశసగటున నూటికి 3.2 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. ఇవన్నీ అనవసరమైన శస్త్రచికిత్సలని అనలేం. అధిక రక్తస్రావం, కణితులు, జారుడు వంటి కారణాలు ఉంటాయి. అయితే తెల్లబట్టకు, నడుమునొప్పికి కూడా ‘తీయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అన్న హెచ్చరికతో ఆపరేషన్లు జరిగాయన్న ఫిర్యాదులు తెలుగు జిల్లాల్లో కొత్తవి కావు. ఇతర రాష్ట్రాల్లో జరిగిన అనవసర శస్త్రచికిత్సల మీద వచ్చిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023లో కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

పుంగనూరు దగ్గరి పల్లెలో ఉండే మా దగ్గరి బంధువు ఒకామెకు ముప్పై నాలుగో ఏట గర్భసంచి తీశారు. కారణం అడిగితే ‘క్యాన్సర్ వస్తాదన్నారు’ అన్నది. వచ్చిందని కాదు, వస్తుందని. ముక్క తీసి పరీక్షకు పంపారో లేదో ఆమెకు తెలియదు. చీటీ ఏదీ ఇంట్లో లేదు. ఆ తర్వాత ఊళ్ళో జరిగిన ఏ క్యాన్సర్ పరీక్షకూ ఆమె వెళ్ళలేదు. ‘నాకు తీసేసినారు కదా, ఇంక నాకెందుకు’ అన్నది. రొమ్ము పరీక్ష, నోటి పరీక్ష తనకూ వర్తిస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె మాటల్లో క్యాన్సర్ అంటే గర్భసంచి, గర్భసంచి పోతే క్యాన్సర్ లేదు.

ఈ రెండు అంకెలను, ఈ ఒక్క అనుభవాన్ని కలిపి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. క్యాన్సర్ అనే మాట మన పల్లెలకు చేరలేదన్నది నిజం కాదు. క్యాన్సర్ పరీక్ష కన్నా క్యాన్సర్ భయం చాలా ముందే చేరింది. ఆ భయం స్త్రీలను పరీక్ష దగ్గరికి కాక కత్తి దగ్గరికి నడిపించింది. కనుక భయాన్ని పెంచే అవగాహన రచన ఏదైనా, దాని ఉద్దేశం ఎంత మంచిదైనా, ఇప్పటికే నష్టం చేసిన శక్తికే బలం చేకూరుస్తుంది.

దీనికి భాషాపరమైన సవరణ కష్టం కాదు. కొందరు ఆరోగ్య కార్యకర్తలు మాటల్లో ‘గర్భసంచి మూతి’ అంటారు. చెంబుకు, కుండకు మూతి ఉన్నట్లే సంచికీ మూతి ఉంటుందని వినగానే తెలుస్తుంది. క్యాన్సర్ మొదలయ్యేది ఆ మూతి దగ్గర. దాన్ని చూసి, అవసరమైతే అక్కడి మచ్చకు మాత్రమే చికిత్స చేసి, సంచిని కాపాడుకోవచ్చు. ‘మూతికి చికిత్స చేస్తే సంచి తీయాల్సిన పని చాలామందికి ఉండదు’ అన్న వాక్యం ఒక్కటి కరపత్రంలో ఉంటే అది ఏకకాలంలో రెండు పనులు చేస్తుంది. పరీక్షకు రమ్మంటుంది, అనవసర ఆపరేషన్ గురించి ప్రశ్నించే ధైర్యాన్నిస్తుంది. పరిభాషలో ‘ముఖద్వారం’ ఉండవచ్చు. ప్రచారంలో మూతి ఉండాలి.

4. పరీక్ష భాష - సంబోధన:

జాతీయ కార్యక్రమం 2016 మార్గదర్శకాల ప్రకారం ముప్పై ఏళ్ళు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు అయిదేళ్ళకొకసారి జరగాలి. అందుకు ముందు ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్ళి ఒక ప్రశ్నావళిని పూర్తి చేస్తుంది. రెండు ముట్ల మధ్య రక్తస్రావం, ముట్లుడిగాక రక్తస్రావం, దాంపత్యం తర్వాత రక్తస్రావం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, రొమ్ము ఆకారంలో మార్పు వంటి విషయాలను ఆమె అడగాలి. ఆ ప్రశ్నలు అడిగే చోటు ఇంటి అరుగు. పక్కన అత్తగారు ఉండవచ్చు, ఎదురింటి మనిషి వింటుండవచ్చు. అచ్చులో అయిదు నిమిషాల పనిగా కనిపించేది ఆ అరుగు మీద అత్యంత సున్నితమైన సంభాషణ అవుతుంది.

ప్రశ్నావళుల్లో, కరపత్రాల్లో సాధారణంగా కనిపించే ధోరణికి నమూనాగా ఒక వాక్యాన్ని ఇక్కడ కూర్చుతున్నాను: ‘సంభోగానంతర రక్తస్రావం గలదా?’ దీన్ని యథాతథంగా చదివే ఆశా కార్యకర్త ఎక్కడా ఉండదు. ఆమె దాన్ని తన మాటల్లోకి మార్చుకుంటుంది, లేదా అడగకుండానే ‘లేదు’ అని గీత పెడుతుంది. మొదటిది జరిగితే మనకు తెలియని ఒక అనువాదకురాలు రోజూ పనిచేస్తోందన్న మాట. రెండోది జరిగితే అచ్చయిన వాక్యమే ఆ స్త్రీకి పరీక్షను దూరం చేసిందన్న మాట. చిత్తూరు మాండలికంలో ఇదే సంగతిని ‘అక్కా, నెలనెలా వచ్చేది కాకుండా నడాన ఎప్పుడైనా కనపడతా ఉండాదా? ఇంటాయన దగ్గరికొచ్చినాక ఏమైనా కనపడిందా?’ అని అడగవచ్చు. ‘కనపడటం’ అన్న క్రియ ఇక్కడ రక్తం పేరెత్తకుండానే రక్తాన్ని చెబుతుంది. ఇది అస్పష్టత కాదు, ఆ సమాజం ఏర్పరచుకున్న మర్యాద.

సంబోధన కూడా ఇంతే ముఖ్యం. కరపత్రాల సంబోధన ‘మహిళలారా’ లేదా ‘మీరు’. ఆశా కార్యకర్త సంబోధన అక్కా, వదినా, పెద్దమ్మా, అవ్వా. మొదటిది సభను ఉద్దేశించినది, రెండోది మనిషిని. బంధువాచకం తోడైనప్పుడు ప్రశ్న విచారణ కాకుండా పరామర్శ అవుతుంది. ఈ జిల్లా మాండలికం అచ్చులో ఎంత గాఢమైన భావాన్నయినా మోయగలదని నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథలు నిరూపించి దశాబ్దాలైంది. కథకు పనికివచ్చిన భాష ఆరోగ్యానికి పనికిరాదనడం వింత.

పరీక్ష గదిలో వాడే మాటల్లో రెండింటిని ప్రత్యేకంగా పేర్కొనాలి. మొదటిది ‘యాసిడ్’. గర్భసంచి మూతికి పలుచని ఎసిటిక్ యాసిడ్ అద్ది, ఒక నిమిషం తర్వాత తెల్లమచ్చలు తేలుతాయేమో చూడటం ఈ పరీక్ష పద్ధతి. అది వంటల్లో వాడే వెనిగర్‌లోని పదార్థమే. అయితే యాసిడ్ అనగానే వార్తల్లోని దాడులు గుర్తుకు వచ్చే అవకాశం ఉంది. రెండోది ‘పాజిటివ్’. ఎయిడ్స్, కరోనా తర్వాత ఈ మాటకు వాడుకలో రోగం ఖాయమన్న అర్థం స్థిరపడింది. ఈ పరీక్షలో పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. ఇంకొక పరీక్ష అవసరమని. చాలామందిలో అది క్యాన్సర్ కానే కాదు. ‘మచ్చ కనిపించింది, ఇంకోసారి చూడాలి’ అంటే సరిపోయే చోట ‘పాజిటివ్ వచ్చింది’ అంటే ఆ స్త్రీ ఇంటికి మోసుకెళ్ళేది చావు కబురు. రెండో పరీక్షకు ఆమె రాకపోతే అందులో ఆ మాట పాత్ర ఎంతో మనం ఆలోచించాలి.

5. చరిత్ర చెప్పే మూడు పాఠాలు:

వైద్యం జనం దగ్గరికి వెళ్ళిన సందర్భాలు తెలుగునేలలో గతంలోనూ ఉన్నాయి. వాటిలో మూడింటిని భాష కోణంలో పరిశీలించవచ్చు.

5.1 ఆరోగ్యవరం: మదనపల్లె సమీపంలో క్షయరోగుల కోసం యూనియన్ మిషన్ శానటోరియం 1915లో ప్రారంభమైంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సారథి. ఆ స్థలానికి స్థిరపడిన పేరు ఆరోగ్యవరం. ‘వరం’ ఊరి పేర్ల చివర వచ్చే మాట. అనుగ్రహమన్న అర్థమూ అందులో వినిపిస్తుంది. క్షయ కూడా ఒకనాడు క్యాన్సర్ లాగే పేరెత్తడానికి భయపడిన జబ్బు. ‘ఆరోగ్యవరం పోతా ఉండాం’ అనడంలో రోగం పేరు లేదు, బాగుపడే ఆశ ఉంది. అదే ప్రాంతపు గ్రామాల్లో 1950-55 మధ్య ఇంటింటి జనాభాను తీసుకొని పదేపదే ఎక్స్‌రే సర్వేలు జరిగాయి. వాటి ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. ఇక్కడ గమనించవలసింది ‘పదేపదే’ అన్న మాట. ఒకసారి వచ్చి పోయేవారిని పల్లె అతిథిగా చూస్తుంది. మళ్ళీ మళ్ళీ వచ్చేవారితోనే మాట కలుపుతుంది.

5.2 శ్రీకాకుళం: ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకొని కాల్చే అలవాటు ఉంది. దాన్ని జనం ‘అడ్డపొగ’ అంటారు. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని విశాఖపట్నం వైద్యులు 1957లోనే ప్రకటించారు. తర్వాత శ్రీకాకుళం జిల్లాతో పాటు ఇతర రాష్ట్రాల్లోనూ కలిపి 36,000 మంది పొగాకు వాడకందార్ల మీద జరిగిన అధ్యయనం 1986లో లాన్సెట్‌లో వెలువడింది. మనిషిని మనిషి కలిసి చెప్పిన సలహా, సినిమా, పోస్టరు వంటి వాటితో అలవాటు తగ్గిందని, నోట్లో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కూడా తగ్గాయని అది చూపింది. ఇక్కడి పాఠం స్పష్టం. ‘పొగాకు హానికరం’ అన్న సామాన్య వాక్యం అడ్డపొగ మానిపించదు. ఆ అలవాటుకు జనం పెట్టుకున్న పేరు తెలిసినప్పుడే దాని గురించి మాట్లాడటం సాధ్యమవుతుంది.

5.3 ఖమ్మం: మూడోది హెచ్చరిక. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకాను 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ బాలికలకు ప్రయోగాత్మకంగా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. బాలికల్లో చాలామంది గిరిజన వసతిగృహాల్లో ఉన్నవారు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అభిప్రాయపడింది. అయితే 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం వెలువరించిన నివేదిక సమ్మతి తీసుకున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేసిన ఫారాలు ఎన్నో బయటపడ్డాయి.

సమ్మతిపత్రం కూడా ఒక రచనే. తల్లి చదవలేని భాషలో, చదివి వినిపించే మనిషి లేకుండా, ఇంకొకరి సంతకంతో పూర్తయిన రచన సమ్మతి కాదు. టీకా మంచిదే అయినా, అడగకుండా చేసిన మేలు మీద నమ్మకం నిలవదు. హెచ్‌పీవీ టీకాను 9-14 ఏళ్ళ బాలికలకు ప్రోత్సహిస్తామని కేంద్రం 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించిన నేపథ్యంలో ఖమ్మం అనుభవాన్ని తెలుగువారు మరచిపోవడానికి వీలులేదు.

6. కుప్పం - సరిహద్దు భాషాపరిస్థితి:

పై మూడు అనుభవాలూ తెలుగునేలవే. కుప్పం వాటికి లేని మరో చిక్కును ముందుంచుతుంది. తమిళనాడు, కర్ణాటకలు రెండూ ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినిపిస్తాయి. పుంగనూరు, మదనపల్లెలలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. చుట్టుపక్కల సుగాలీ తండాలున్నాయి. పెద్ద జబ్బు చేస్తే కుప్పం మనిషి తిరుపతి కన్నా దగ్గరగా ఉన్న బెంగళూరుకో, వేలూరుకో వెళతాడు. అంటే ఒకే రోగి తెలుగులో ప్రశ్నలు విని, కన్నడంలో చీటీ రాయించుకొని, తమిళంలో మందుల వివరం తెలుసుకోవలసి రావచ్చు.

ఈ భాషల్లో వ్యాధి పేర్లు కూడా వేర్వేరు బొమ్మలను చూపుతాయి. తమిళంలో క్యాన్సర్‌ను ‘పుట్రునోయ్’ అంటారు. ‘పుట్రు’ మన ‘పుట్ట’కు సజాతీయ పదం; లోలోపల పెరిగి బయట తేలే చీమలపుట్ట, పాముపుట్ట ఆ పేరులో ఉంది. ఉర్దూలోని ‘సర్తాన్’కు పీత అని అర్థం, లాటిన్ నుంచి వచ్చిన క్యాన్సర్ అన్న మాటకూ మూలార్థం అదే. కన్నడంలో ‘అర్బుద’ అచ్చులో వాడుకలో ఉంది. తెలుగు రాచపుండు పైకి కనిపించేది. తమిళ పుట్ట లోపల పెరిగేది. ముందస్తు పరీక్ష ఎందుకో వివరించడానికి రెండో బొమ్మ మరింత అనువైనది. కుప్పం స్త్రీకి రెండు భాషలూ తెలుసు కాబట్టి ‘పుట్ట పైకి తేలకముందే చూసుకోవాలి’ అని చెప్పడం అక్కడ సహజంగా అందుతుంది. ఇరుగుపొరుగు భాష ఇక్కడ ఆటంకం కాదు, వనరు.

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం దాని ప్రత్యేకత. అదే పట్టణంలో పి.ఇ.ఎస్. వైద్యకళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. భాషలను చదివేవారు, రోగాలను చదివేవారు ఇంత దగ్గరగా ఉన్న పట్టణాలు తెలుగునేలలో అరుదు. ఈ సామీప్యాన్ని సంయుక్త పరిశోధనగా మలచుకోవడానికి ఇంతకన్నా తగిన అంశం దొరకదు.

7. తెలుగు శాఖలు చేయగల పని:

ఇది మన పని కాదన్న అభ్యంతరం ఎదురుకావచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతు నోట, నేతగాడి నోట విన్న మాటలను జిల్లాలవారీగా సేకరించిన మహత్తర కృషి అది. దేహానికి, జబ్బుకు, ముట్టుకు, కాన్పుకు సంబంధించిన స్త్రీల పదజాలానికి అలాంటి సేకరణ ఇప్పుడు అవసరం. ఆ మాటలు అవ్వల నోట మాత్రమే మిగిలి, రోజురోజుకూ తరుగుతున్నాయి.

భాష మారితే మరణాలు తగ్గుతాయా అన్నది రెండో అభ్యంతరం. నేరుగా తగ్గవు. పరీక్ష చేసే మనిషి, చేసిన తర్వాత చికిత్స ఉండాలి. తిరుపతిలో క్యాన్సర్ ఆసుపత్రి 2022లో ప్రారంభమైనా మదనపల్లె నుంచి అక్కడికి వంద కిలోమీటర్లకు పైబడిన దూరం, పోయే కూలీ, తోడు రావలసిన మనిషి ఇవన్నీ మిగిలే ఉన్నాయి. చికిత్సకు దారి చూపని అవగాహన క్రూరమైనది కూడా. అయితే స్థానికంగా శిక్షణ పొందినవారి చేత పరీక్షలు చేయిస్తే ఏమవుతుందో మనకు పొరుగునే ఆధారం ఉంది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు ఎసిటిక్ యాసిడ్ పద్ధతిలో చేసిన పరీక్షల వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో వెల్లడైంది. ముంబయి మురికివాడల్లో వైద్యపట్టా లేని ఆరోగ్య కార్యకర్తలు చేసిన పరీక్షల వల్ల 31 శాతం తగ్గాయని 2014లో ప్రచురితమైంది. ఈ ఫలితాలకు కారణం మాటే అని ఆ అధ్యయనాలు చెప్పలేదు. కానీ ఇంటి గుమ్మం దగ్గర ఒప్పించే మనిషి లేకుండా ఆ పరీక్షలు జరిగేవి కావన్నది నిర్వివాదం. ఆ మనిషి చేతిలో ఏ మాట పెడుతున్నామన్నదే మన ప్రశ్న.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. క్యాన్సర్‌కు తెలుగు వాడుకలో ఉన్న పేర్లు ముదిరిన దశనో, మరణాన్నో సూచిస్తున్నాయి. చికిత్సకు లొంగే తొలిదశను చెప్పే మాటను అవగాహన రచనలు వాడుకలోకి తేవాలి.

2. నొప్పిని బట్టి వాపులను వేరుచేసే జనపదజాలాన్ని గుర్తించి, ‘నొప్పి లేని కంతి’ని కూడా చూపించుకోవాలని స్పష్టంగా చెప్పాలి.

3. గర్భసంచికి, గర్భసంచి మూతికి తేడా చెప్పని ప్రచారం పరీక్షకు కాక అనవసర శస్త్రచికిత్సకు దారితీసే ప్రమాదం ఉంది. భయపెట్టే స్వరాన్ని విడిచిపెట్టాలి.

4. ‘యాసిడ్’, ‘పాజిటివ్’ వంటి మాటలు పరీక్ష గదిలో కలిగించే అర్థాలను ముందే ఊహించి, వాటికి బదులు సాదా వాక్యాలు వాడాలి.

5. ప్రశ్నావళులను, సమ్మతిపత్రాలను అచ్చుకు ముందు ఆశా కార్యకర్తల చేత, గ్రామీణ స్త్రీల చేత బిగ్గరగా చదివించి సవరించాలి. సరిహద్దు ప్రాంతాల్లో ఒకటికి మించిన భాషల్లో అందించాలి.

6. దేహానికి, వ్యాధికి సంబంధించిన మాండలిక పదకోశాన్ని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వైద్యకళాశాలలతో కలిసి చేపట్టాలి.

ఒక కావ్యంలో అప్రయోజకమైన పదం పడితే రసభంగం అంటాం. కరపత్రంలో పడితే ఒక స్త్రీ పరీక్షకు రాకుండా ఆగిపోతుంది, లేదా అక్కరలేని ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది. మా బంధువుకు ఆనాడు ‘మూతి వేరు, సంచి వేరు’ అని ఎవరైనా చెప్పి ఉంటే కనీసం ఒక ప్రశ్న అడిగి ఉండేది. ఆమెకు ఆ ప్రశ్నను అందించగల రచన రూపొందించడం తెలుగు చదివినవారి పని కూడా అవుతుంది.